ఉప్పు తీర్థం

సాయంత్రం దీపం పెట్టే వేళకు ముందు కాసేపు రేవులో కూర్చోవడం నాకు అలవాటు. మా ఊరు ఆకివీడు దాటాక ఉప్పుటేరు గట్టు మీద ఉంటుంది. కొల్లేరులో ఎక్కువైన నీళ్ళన్నీ ఈ ఏటి గుండానే సముద్రానికి పోతాయి. సముద్రం కూడా ఇదే దారిన మా దాకా వచ్చి చూసి వెళుతూ ఉంటుంది. పోటు వస్తే మెట్లు మునుగుతాయి, నీళ్ళు తీస్తే బయటపడతాయి. అంతే, రేవులో ఇంకేమీ జరగదు. ఇప్పుడు అక్కడ బట్టలుతికేవారు లేరు, బిందెలు ముంచేవారు లేరు. అందరికీ కుళాయిలున్నాయి. నాకూ ఉంది.

ఆ మెట్లకు ఒక పద్ధతి ఉంది. అన్నిటికన్నా పై మెట్టు మీద ఎండిన నాచు, చీమలబారు తప్ప ఏమీ ఉండవు. దాని కింది మెట్టు అమావాస్యకీ పున్నమికీ పోటు బాగా పొంగినప్పుడే తడుస్తుంది. అక్కడ గోరంత నల్ల నత్తలు రాతి పగుళ్ళలో మూతి బిగించుకుని పడుంటాయి. ఇంకో మెట్టు దిగితే రాయంతా తెల్లటి పొక్కులు పోసినట్టు గుల్లలు. వాటిని ఊడదీయడం ఎవరి తరమూ కాదు. నీళ్ళు పైకి రాగానే ఒక్కొక్కటీ మూత తీసి, ఈకలాంటిదాన్ని బయటికి చాపి గాలిస్తాయి. నీళ్ళు తీయగానే తలుపులేసుకుంటాయి. వాటి కింద పాచి, దాని కింద బురద, బురదలో కన్నాలు, కన్నాల ముందు ఒక డెక్క చిన్నదీ ఒక డెక్క తన ఒంటికన్నా పెద్దదీ ఉన్న ఎర్రపీతలు. నీళ్ళు ఎంతసేపు నిలుస్తాయి, ఎంతసేపు ఎండ కాస్తుంది, వచ్చిన నీళ్ళు తీపా ఉప్పా అన్నదాన్ని బట్టి ఎవరి మెట్టు వారికి అమరింది. ఒకరి మెట్టు మీదకు ఇంకొకరు ఎక్కరు.

ఇంట్లో మాట్లాడేవారు లేరు గనక నాకు ఈ చూడడం పట్టుబడిందని కొందరు అనుకుంటారు. చూడడం ముందునుంచీ ఉంది. నేను బడికి వెళ్ళలేదు. మా నాన్నగారే వరండాలో కూర్చోబెట్టి చదువు చెప్పారు. నందివర్ధనం పువ్వు తెస్తే, "రేకులు ఎటు తిరిగి ఉన్నాయో చూశావా? చూడకుండా కోసినది పూజకు పనికిరాదు" అనేవారు. ఆయన పెట్టిన ఆ భిక్షతోనే ఇన్నేళ్ళూ పొద్దుపోయింది. ఆయనకు రోజూ మనసులో దండం పెట్టుకుంటాను.

మావారు ఈ ఊరి శివాలయంలో పూజ చేసేవారు. నేను కాపురానికి వచ్చిన మర్నాడే మా అత్తగారు రాగిబిందె నా చేతిలో పెట్టి, "స్వామికి నీళ్ళు మన నూతివే. ఇంక నీ వంతు" అన్నారు. తెల్లవారకముందే నూతి దగ్గర స్నానం చేసి, తడిబట్టతో బిందె తోడుకుని, ఎవరినీ తాకకుండా గుడికి చేర్చాలి. ఆ నీళ్ళతోనే అభిషేకం, ఆ నీళ్ళే తీర్థం. వాటిని ముందుగా నోట వేసుకోకూడదు. స్వామి తాగకుండా మనం రుచి చూస్తే ఎంగిలవుతాయి. ఈ మాట మా అత్తగారు ఒక్కసారే చెప్పారు. నేను ఇప్పటిదాకా తప్పలేదు.

మావారు పోయాక పూజ మా మరిదిగారి అబ్బాయికి వచ్చింది. ఆకివీడులో కాపురం, భార్యా పిల్లలు, పొద్దున్నే బండి మీద వచ్చి అభిషేకం చేసి, అక్కడినుంచి వ్రతాలకో గృహప్రవేశాలకో పరుగెత్తడం. నన్ను దొడ్డమ్మా అని పిలుస్తాడు, నాకూ అతను మా అబ్బాయే. రోజు మొత్తం మీద నాతో నాలుగు మాటలు మాట్లాడే మనిషి అతనొక్కడే. బిందె అందుకుంటూ, "దొడ్డమ్మా, మందు వేసుకున్నారా? కాలు ఎలా ఉంది?" అంటాడు. తీర్థం పోస్తాడు. నేను ఇంటికొస్తాను. ఆ బిందె లేకపోతే నాకు ఆ గుమ్మం దాకా వెళ్ళే పని ఉండదు. ఇది అప్పట్లో ఆలోచించలేదు. తరవాత తెలిసింది.

రేవులో ఆ తెల్లగుల్లలు నేను వచ్చిన కొత్తలో లేవు. అప్పుడు ఆ మెట్ల మీద పెద్ద పెద్ద మంచినీటి నత్తలుండేవి, గట్టు పొడుగునా తుంగ ఉండేది, తొలకరికి కప్పలు చెవులు దిమ్మెక్కించేవి. గుర్రపుడెక్క తెప్పలు తెప్పలుగా వచ్చి రేవుకు అడ్డం పడేది. అది ఎండల్లో ఉన్నట్టుండి ఆకులు మాడి, కుళ్ళి, ఏట్లో మునిగిపోవడం మొదటిసారి చూసినప్పుడు, పీడ వదిలిందని సంతోషించాను. ఏడాదికేడాది నత్తలు తగ్గాయి. ఒక వేసవిలో కింది మెట్టుకి తెల్లగా పొక్కులు కనిపించాయి. తరవాతి వేసవికి అవి ఒక మెట్టు పైకొచ్చాయి. పీతలు వచ్చాయి. బురద మీద గెంతే చిన్న చేపలు వచ్చాయి, నీళ్ళలో కన్నా గట్టు మీదే ఎక్కువసేపు ఉంటాయవి. మెట్ల పక్క బురదలో, సముద్రం దగ్గర పెరగాల్సిన మడమొక్క ఒకటి నిటారుగా లేచింది. ఎక్కడినుంచి కొట్టుకొచ్చిందో. ఎవరూ రాని రేవుకు ఇన్ని ప్రాణాలను పంపినందుకు నేను స్వామికి కృతజ్ఞతలు చెప్పుకున్నాను. చుట్టాలొచ్చినంత సంబరం. ఆ చుట్టాలు ఏ కబురు మోసుకొచ్చారో అడగలేదు.

పెరట్లో తులసి ఆకుల అంచులు గోధుమరంగుకు తిరగడం కూడా అప్పుడే మొదలైంది. ఎండదెబ్బ అనుకున్నాను. పూజయ్యాక బిందెలో మిగిలిన నీళ్ళు తులసికి పోయడం మా ఇంటి ఆచారం. ఆకు మాడినకొద్దీ దాహమేమోనని నూతిలోంచి ఇంకో చెంబు తోడి పోసేదాన్ని. మొక్క ఇంకా వడిలింది. ఇంకా పోశాను. చివరికి పుల్ల మిగిలింది. కొత్త మొక్క పెట్టాను, దానికీ అంతే భక్తిగా అవే నీళ్ళు పోశాను.

ఈ సంగతి బయటపడింది నిరుటి శివరాత్రికి. ఏలూరు నుంచి ఒక పెద్దావిడ కారులో కొడుకుతో వచ్చి వరసలో నిలబడ్డారు. ఊళ్ళో ఎవరికో చుట్టం. మా అబ్బాయి ఆవిడ చేతిలో తీర్థం పోశాడు. ఆవిడ నోట్లో పోసుకుని, కళ్ళు పెద్దవి చేసి, మింగలేక మింగి, "ఏవయ్యా పంతులూ, తీర్థంలో ఉప్పేశావేంటి? పులిహోర కలుపుతూ ఇటొచ్చావా?" అన్నారు.

వరసలో ఒకరిద్దరు కిసుక్కుమన్నారు.  తరవాత అందరూ నా వైపు చూడకుండా ఉండడానికి ప్రయత్నించారు. నాకు అప్పటికి అర్థం కాలేదు. ఆ తీర్థం నేనూ రోజూ తాగుతున్నాను. నాకు తేడా తెలియలేదు. రోజుకు రవ్వంత చొప్పున వచ్చిన ఉప్పును నా నాలుక తీర్థం రుచే అనుకుంది.

జనం పలచబడ్డాక అడిగాను. "నిజమేనా నాయనా?"

అతను హారతి పళ్ళెం తుడుస్తూ తల ఎత్తలేదు. "నిజమే దొడ్డమ్మా."

"ఎన్నాళ్ళనుంచి?"

"పోయినేడు ఎండలప్పటినుంచి కొంచెం కొంచెం. వానలకు తగ్గింది, మళ్ళీ పెరిగింది."

"మరి ఊళ్ళోవాళ్ళు?"

"వాళ్ళకీ తెలుసు. ఏమంటారు చెప్పండి. పెద్దవారు, మడితో మోసుకొస్తున్నారు, బాధపడతారని..." అని పళ్ళెం పక్కన పెట్టి, "రేపటినుంచి మంచినీళ్ళ టిన్ను తెప్పిస్తానులెండి. మీకూ ఆ చీకట్లో తడిబట్టతో నడవడం తప్పుతుంది" అన్నాడు.

అతని మాటలో ఆపేక్ష తప్ప ఏమీ లేదు. ఊరందరిదీ ఆపేక్షే. ఒక్కరు కూడా మొహం చిట్లించకుండా, నా కోసం అన్నాళ్ళు ఉప్పునీళ్ళు కళ్ళకద్దుకుని తాగారు. దానికి నేను ఋణపడి ఉన్నాను. కాని ఆ రోజు ఇంటికొచ్చి గడప మీద కూర్చుంటే, ఇంతమంది మధ్య నాకు ఒక్కదానికే తెలియని సంగతి ఒకటి ఇన్నాళ్ళు నడిచిందన్నది గుండెలో రాయిలా ఉండిపోయింది. ఎవరైనా ఒకరు ఇంటికొచ్చి చెప్పి ఉంటే, కనీసం ఆ సాయంత్రం ఒక మనిషి వచ్చినట్టయినా ఉండేది.

మర్నాడు గట్టు అవతల రొయ్యల చెరువున్న రైతుకు కబురు పెట్టాను. వాళ్ళ నాన్న వరి పండించిన చేను అది. ఈయన చెరువు తవ్వాడు. మనిషి మంచివాడు, నోరు ఊరుకోదు. ఉప్పు చూసే గొట్టం తెచ్చాడు. నూతినీళ్ళు ఒక్క చుక్క దాని అద్దం మీద వేసి, కంటికి ఆనించుకుని వెలుతురు వైపు తిరిగాడు. 

"ఏమంటోంది?" అన్నాను.

"అమ్మగారండీ, ఇది నుయ్యేనాండి? మా రొయ్యపిల్లల్ని తెచ్చి ఇందులో వదిలేమనుకోండి, ఇంక ఇంటికి రామంటాయండి."

నవ్వొచ్చింది. దాని వెనకే ఏడుపూ వచ్చింది. "మీ చెరువుల వల్లేనా?"

ఆయన తల గోక్కున్నాడు. "కొంత మావల్లేనండి, తమ దగ్గర అబద్ధమెందుకు. బోరేసి ఉప్పునీళ్ళు లాగి చెరువులో పెడతాం. అవి ఊరుకుంటాయాండి, కిందకి ఇంకుతాయి. కొంత ఏటివల్ల. పైనుంచి కొల్లేరు నీళ్ళు గట్టిగా దిగితే సముద్రాన్ని అలా తోసుకుంటూ పోతాయండి. దిగకపోతే అది మెల్లిగా పైకొచ్చి మనింట్లో కూర్చుంటుంది. రేవులో ఆ తెల్లగుల్లలు చూడలేదాండి తమరు?"

"రోజూ చూస్తున్నాను."

"మరండి! అవి తియ్యనీళ్ళలో బతకవండి." గొట్టం తుడుచుకుని జేబులో పెట్టుకున్నాడు. "మా రొయ్యకి ఉప్పు కావాలి, మీ స్వామికి తియ్యనీళ్ళు కావాలి. ఇద్దరికీ ఉన్నది ఒక్క ఏరే. నేనేం చెయ్యనండీ, చెప్పండి."

వెళుతూ గుమ్మంలో ఆగి, "సోమవారం సోమవారం ఆ తీర్థం తాగి, మనసులో ఉప్పెంతుందో లెక్క కట్టుకునేవోణ్ణండి. గొట్టం అక్కర్లేకుండా. చెప్పడానికి మాత్రం నోరు రాలేదండి" అన్నాడు. నోరు ఊరుకోని మనిషికే నోరు రాలేదు.

ఆ వేసవి అంతా గుడికి టిన్ను వచ్చింది. ఆటోలో దిగేది, ఎవరో భుజాన వేసుకుని తెచ్చి మండపంలో పెట్టేవారు. నాకు మాత్రం తెల్లవారకముందే మెలకువ వచ్చేది. స్నానం చేసి, తడిబట్ట కట్టుకుని, నూతి గట్టు దగ్గర కాసేపు నిలబడి, బిందె ముట్టుకుని, లోపలికి వచ్చేసేదాన్ని. గుడికి ఒకటి రెండుసార్లు ఉత్త చేతులతో వెళ్ళాను. "రండి దొడ్డమ్మా, కూర్చోండి" అనేవాడు అతను. కూర్చోవడానికి నాకు అక్కడ చోటు తెలియలేదు. ఇన్నేళ్ళలో ఆ గుళ్ళో నేను కూర్చున్నది లేదు. బిందె దించడం, తీర్థం పుచ్చుకోవడం, తిరిగి రావడం. కొన్నాళ్ళకు వెళ్ళడం మానేశాను. రోజులు రోజులు ఎవరితోనూ మాట లేకుండా గడిచాయి. కూరలబండి వచ్చినప్పుడు వంకాయలడగడానికి గొంతు సవరించుకోవలసి వచ్చేది.

అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం తొలకరి జల్లు పడింది. పెంకుల మీదినుంచి చూరు నీళ్ళు ధారగా దిగుతుంటే, నాకు మా అత్తగారి గంగాళం గుర్తొచ్చింది. మొదటి వానలు ఇంటికప్పు కడుక్కోవడానికి వదిలేశాను. కప్పు శుభ్రమయ్యాక గంగాళం చింతపండుతో తోమి చూరు కింద పెట్టి, మీద ఉతికిన పంచె కట్టాను. అది నిండింది. అటకమీది రెండో గంగాళం దింపించాను. అదీ నిండింది.

మా అబ్బాయికి ఫోన్ చేశాను. "నాయనా, వాననీళ్ళు స్వామికి పనికొస్తాయా?"

అవతల బండి ఆపిన చప్పుడు. "ఎందుకు పనికిరావు దొడ్డమ్మా? గంగ మాత్రం ఎక్కడినుంచి దిగింది, ఆయన నెత్తిమీదికి? పట్టుకు రండి, రేపే పట్టుకు రండి."

మర్నాడు బిందె నడుముకెత్తుకున్నప్పుడు ఆ బరువు నాకు ఎంత కావలసినదో తెలిసింది. ఆ స్వామి దయ. వానలున్నంత కాలం బిందె నిండా తీసుకెళ్ళాను. వానలు వెనకబట్టాక, ఉన్నవి జాగ్రత్త పెట్టుకోవాలని రోజుకు ఒక్క చెంబు తీసుకెళ్ళాను. అభిషేకం మొదట్లో నా చెంబు, ఆ మీద టిన్ను. అలా ఒప్పుకున్నాడు అతను. తీర్థం మాత్రం నా చెంబులోదే. కార్తీకం వెళ్ళాక రొయ్యల రైతు గొట్టంతో మళ్ళీ వచ్చి నుయ్యి చూశాడు. "తగ్గిందండి. కాని తియ్యబడలేదండి" అన్నాడు. రేవులో గుల్లలు కొన్ని వరదనీటికి చచ్చి ఉత్త పెంకులయ్యాయి. కొన్ని తలుపులు బిగించుకుని ఎలాగో గడిపి, నీళ్ళు ఉప్పబారగానే మళ్ళీ ఈకలు చాపాయి. మడమొక్క కొత్త ఆకు వేసింది.

గంగాళంలో నీళ్ళు దిగుతున్నకొద్దీ నా మనసంతా ఒక్క దాని మీదే నిలిచింది. శివరాత్రిదాకా రావాలి. ఆ ఒక్క రోజు నిండు బిందె తీసుకెళ్ళాలి. ఏలూరు పెద్దావిడ మళ్ళీ వస్తారు, తీర్థం నోట్లో పోసుకుంటారు, ఆవిడ నోరు ఊరుకోదు గనక ఏదో ఒకటి అంటారు. ఆ మాట వినాలి. దీని కోసం మాఘమాసం మొదట్లో చెంబును గ్లాసు చేశాను.

శివరాత్రి వచ్చింది. గంగాళం వంచి, అడుగు నీళ్ళు పలచని బట్టలో వడగట్టి పోస్తే బిందె మెడదాకా నిండింది. తెల్లవారకముందే మోసుకెళ్ళాను. మా అబ్బాయి రెండు చేతులా అందుకుని, "పండగ మీదే దొడ్డమ్మా" అన్నాడు.

ఆ రోజంతా నేను స్తంభం పక్కన నిలబడ్డాను. ఏలూరు పెద్దావిడ రాలేదు. వాళ్ళ చుట్టాలను అడిగితే, "కాళ్ళు నొప్పులంటండి, ఈ ఏడు కదల్లేదండి" అన్నారు. ఊరంతా వరసలో వచ్చింది. ఒక్కొక్కరే కుడిచేయి చాపి, తీర్థం పుచ్చుకుని, కళ్ళకద్దుకుని, తడిచేయి తలకు రాసుకుని వెళ్ళారు. నేను వాళ్ళ మొహాలు చూశాను. నిరుడు ఉప్పునీళ్ళకు ఏ మొహం పెట్టారో ఈ ఏడు వాననీళ్ళకూ అదే మొహం పెట్టారు. అదే నెమ్మది, అదే మర్యాద. బాగున్నాయో లేదో ఏ ఒక్క మొహం మీదా కనిపించలేదు. రొయ్యల రైతు కూడా ఆ రోజు ఉపవాసం నీరసంలో ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు.

చివర్లో మా అబ్బాయి నా చేతిలో పోశాడు. కళ్ళు మూసుకుని తాగాను. చప్పగా ఉంది. ఏదో తక్కువైనట్టుంది. ఇన్నాళ్ళూ రోజూ ఇదే తాగుతున్నా, ఎదురుచూపులో పడి రుచి పట్టించుకోలేదు కాబోలు. ఉప్పు లేని తీర్థం ఎలా ఉంటుందో నాకు గుర్తు లేదు. ఆకాశంలోంచి దిగిన నీళ్ళలో నా నాలుక మా నూతి ఉప్పును వెతుక్కుంది.

"ఎలా ఉంది దొడ్డమ్మా?" అన్నాడు అతను. అన్నాళ్ళలో ఆ మాట అడిగింది అతనొక్కడే.

"బావుంది నాయనా" అన్నాను. ఊళ్ళోవాళ్ళ మర్యాద నాకూ వచ్చేసింది.

మర్నాడు గంగాళాలు రెండూ బోర్లించి, ఖాళీ బిందె పట్టుకుని గుడికి వెళ్ళాను. మండపంలో టిన్ను అప్పటికే వచ్చి ఉంది. ఇంక వానలదాకా నాకు తెచ్చేదేమీ లేదని చెప్పి, బిందె అతనికి ఇచ్చేశాను. "టిన్ను మూతితో ఆయన నెత్తిన పోయకు. దీంట్లో వంపుకుని పొయ్యి" అన్నాను. అతను అలాగేనన్నాడు. నీళ్ళు బిందెలోకి గుడగుడమని దిగుతున్నంతసేపూ పక్కనే నిలబడ్డాను. బిందె నిండాక అతను, "దొడ్డమ్మా, గర్భగుడి గడపదాకా మీరే తెచ్చివ్వండి. నాకు వంగితే నడుం పట్టేస్తోంది" అన్నాడు.

ముప్ఫై దాటి ఎన్నాళ్ళో కాలేదు, అతనికి నడుం నొప్పేమిటి? అడగలేదు. కొంగు బిగించి బిందె ఎత్తుకున్నాను. మండపం నుంచి గడపదాకా నాలుగడుగులు కూడా ఉండవు. మోసుకెళ్ళి ఇచ్చాను.

ఇప్పుడు రోజూ అదే నా పని. వెళ్ళేటప్పుడు, వచ్చేటప్పుడు చేతులు ఖాళీయే. మధ్యలో ఆ గడపదాకా మాత్రం బరువు ఉంటుంది. తిరిగి వచ్చి నూతిలోంచి ఒక చేద తోడి, స్వామికి కాదు గనక, వేలితో ఒక చుక్క నాలిక మీద వేసుకుంటాను. ఇంకా ఉప్పే. చేద మళ్ళీ నూతిలోనే వంపేస్తాను. తులసికి పోయను.